తొట్టిలో కొర్రమట్ట

పెళ్లి మాటల నాడు మమతారాణి అడిగింది ఒకే ఒక్కటి. కరీంనగర్‌లో రక్తపరీక్షల ల్యాబులో చేస్తున్న ఉద్యోగం మానెయ్యాలన్నారు, మానేస్తానంది. బెల్లంపల్లిలో కంపెనీ క్వార్టర్లో అత్తతో కలిసి ఉండాలన్నారు, ఉంటానంది. అన్నిటికీ బుద్ధిమంతురాలిలా తలూపి, చివర్లో మాత్రం గొంతు సవరించుకుంది.

"నా రెండు కప్పలు, వాటి తొట్టి నాతో వస్తయి. వాటి జోలికి ఎవ్వరు రావద్దు."

చాప మీద కూర్చున్న పెద్దలంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. పెళ్లికొడుకు మేనమామ పోశమైతే తొడ చరిచి మరీ నవ్వాడు. లక్షెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున ఊరు ఆయనది. నలుగురు కూర్చున్న చోట నడిమధ్య కూర్చోవడం, అడగని సంగతికి తీర్పు చెప్పడం ఆయన వృత్తి.

"గంతేనా బిడ్డా! రెండు కప్పలు కాకపోతె రెండు మొసళ్లు తెచ్చుకో. గా తొట్టి మీద ఎవడన్న చెయ్యేస్తె నన్నడుగు. మాటిస్తున్న" అన్నాడు.

పోశం మాట ఇవ్వడంలో అంత ధారాళం. చేతి నుంచి పైసా రాలని వాళ్లకు నోట్లోంచి మాటలు బాగా రాలుతాయి. మమతకు అప్పుడే అనుమానం రావలసింది. కానీ ఆమెకు ఆ పూట అందరి మీదా నమ్మకం కలిగింది. పెళ్లి కుదిరిన పిల్లలకు ఆ జబ్బు ఉంటుంది.

కప్పలంటే చెరువు గట్టున ఎగిరే బొండ్రు కప్పలు కావు. ఆఫ్రికా జాతి మరుగుజ్జులు. బొటనవేలంత ఒళ్లు, గోధుమరంగు మీద నల్లటి చుక్కలు, పుట్టిన దగ్గర నుంచి పోయేదాకా నీళ్లలోనే బతుకు. గాలి పీల్చుకోవడానికి మాత్రం పైకొచ్చి, మూతి బయటపెట్టి, మళ్లీ కిందికి జారుకుంటాయి. చూపు అంతంత మాత్రం. తిండి ముక్కు ముందు పెట్టినా అది తిండే అని తేల్చుకోవడానికి కాసేపు ఆలోచిస్తాయి. మమత మొదటి జీతంతో కొనుక్కున్నవి. రోజంతా సూదులు గుచ్చి, రక్తం తీసి, జనం మూలుగులు విని ఇంటికొచ్చాక ఆ తొట్టి ముందు కూర్చుంటే ఆమెకు తలభారం దిగేది. ఉద్యోగం పోయాక ఆమెదంటూ మిగిలింది ఆ తొట్టి ఒక్కటే. దాన్ని ఒళ్లో పెట్టుకునే బెల్లంపల్లిలో కారు దిగింది.

అత్త శంకరవ్వ గుమ్మంలో హారతి పళ్లెంతో నిలబడి ఆ తొట్టిని చూసింది.

"అందరి కోడండ్లు సారెల సకినాలు తెస్తరు, అరిసెలు తెస్తరు. నా కోడలు కప్పలు తెచ్చింది" అని వీధి మొత్తానికి వినపడేలా చెప్పి, హారతి మాత్రం ఇద్దరికీ, కప్పలకూ కలిపి తిప్పింది.

ఆ ఇంట్లో వెక్కిరింత ఉప్పులాంటిది, ప్రతి కూరలోనూ పడుతుంది. కప్పలకు పెట్టే ఎర్ర పురుగుల పొట్లం ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన కనిపించిన రోజున శంకరవ్వ ఒంటికాలి మీద లేచింది. భర్త వెంకటేశ్ గనిలో ఎలక్ట్రీషియన్, మనిషి మెత్తన, అంతకన్నా మెత్తన వెన్నెముక. తల్లి అరిస్తే తల్లి వైపు, పెళ్లాం చూస్తే పెళ్లాం వైపు ఒంగుతాడు. ఎవరూ లేనప్పుడు టీవీ వైపు ఒంగుతాడు. మమత పైకి అన్నిటికీ తలూపేది. లోపల మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టుకుని, మార్కులు వేసుకుని, అందరినీ ఆ పరీక్షలో తప్పించేసింది.

నెల తిరగకుండానే ఇంటి గౌరవం సంగతి వచ్చింది. ముందుగదిలో గాజుతొట్టి ఉండటం గొప్పే. కానీ అందులో చేపలు లేకుండా కప్పలు ఉండటమేమిటని వచ్చినవాళ్లంతా అడుగుతున్నారట.

"రెండు శాపలు ఎయ్యరాదు? ఇల్లు కళగుంటది. వచ్చినోళ్లు కప్పల సూసుకుంట చాయ్ తాగుమంటె ఎట్ల తాగుతరు?" అంది శంకరవ్వ.

ఇక కాలనీ అంతా చేపల శాస్త్రజ్ఞులైపోయారు. ఎదురింటాయన నుదుటి మీద బుడిపె ఉన్న ఎర్రచేపను పెంచితే అదృష్టం కలిసొస్తుందన్నాడు. ఆయన దాన్ని మూడేళ్లుగా పెంచుతున్నాడు, అదృష్టం మాత్రం ఇంకా దారిలోనే ఉంది. వెనక క్వార్టరావిడ ఎనిమిది ఎర్రవి, ఒకటి నల్లది, ఈశాన్యంలో పెట్టమంది. పోశం ఫోనులోనే తీర్పు చెప్పేశాడు.

"బొచ్చె పిల్లలు ఎయ్యండ్రి. ఆర్నెల్లల్ల కూరకొస్తయి."

వీళ్లకు చేప అంటే తెలిసింది రెండే రకాలు, పులుసుకు పనికొచ్చేది, వేపుడుకు పనికొచ్చేది. గోదావరి పక్కన పుట్టామని గొప్ప. చేపను ఎక్కడ చూసినా వీళ్లకు కనిపించేది మాత్రం కంచమే.

వెంకటేశ్ ఇంకో అడుగు ముందుకేసి, ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ ప్లాస్టిక్ సంచిలో రెండు గోల్డ్ ఫిష్‌లు పట్టుకొచ్చాడు. బహుమతి తెచ్చిన మొగుడి మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

"వాటి నోరు సూసినవా?" అంది మమత.

"మంచిగనే ఉన్నది గద?"

"రేపు పెద్దగైతయి. నోట్ల ఏది పడితె అది మింగుతయి. ఇప్పుడు కప్ప కాలు కొరుకుతయి, అప్పుడు కప్పనే మింగుతయి. గీ చిన్న తొట్టి వాటి రొచ్చుకే సాలది. ఎక్కడ తెచ్చినవో అక్కడనే ఇచ్చి రా."

"రెండు నీళ్లల్లనే గద ఉండేటియి" అన్నాడు వెంకటేశ్ నొచ్చుకుని.

"నువ్వూ, గనిల ఉండే ఎలుకా ఒక్క బొగ్గుబాయిలనే గద ఉండేది. ఒక్క టిఫిన్ డబ్బల తింటరా?"

వెంకటేశ్ ఆ సంచి పట్టుకుని వెనక్కి పోయాడు. శంకరవ్వ తలుపు చాటు నుంచి విన్నది. "నోరు సూడు దీనికి" అంది గానీ, కొడుకు మొహం చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

చేపలు వెయ్యక తప్పేట్టు లేదని తేలాక మమత ఆ పని తనే చేద్దామనుకుంది. మంచిర్యాల పోయి దుకాణంలో నిలబడింది. దుకాణంవాడు అన్నిటికీ అన్నీ సరిపోతాయని చెప్పే రకం. రెక్కలు సాచిన తెల్లచేపను చూపించి చల్తది అన్నాడు. అది కప్పల వేళ్లు గిల్లుతుందని మమత అంది. చారల చేపను చూపించి అది కూడా చల్తది అన్నాడు. అది ఒకచోట కుదురుగా ఉండదు, కప్ప ఆలోచించుకునేలోపు దాని తిండి కూడా తనే తినేస్తుందని ఆమె అంది. మీసాల చేపను చూపించాడు. అది అడుగునే తిరుగుతుంది, కప్పలు తినేదీ అడుగునే, ఇద్దరికీ రోజూ పంచాయితీ అవుతుందని ఆమె అంది.

"మేడం, గిన్ని సూసి పెండ్లి సుత చేసుకోరు" అన్నాడు వాడు విసుగ్గా.

"గిట్ల సూసి చేసుకోలేదు గనుకనే ఇక్కడ నిలబడ్డ" అంది మమత.

చివరికి ఏరుకుంది మగ గప్పీలను. చిటికెన వేలి గోరంత నోరు కూడా లేని చేపలు, రంగురంగుల తోకలు, నీళ్ల పైభాగాన తిరిగే అలవాటు. మగవి మాత్రమే ఎందుకంటే, ఆడవి కూడా ఉంటే నెలనెలా పిల్లలు పెడతాయి, చిన్న తొట్టి సంతలా తయారవుతుంది. పైన చేపలు, కింద కప్పలు, ఎవరి బతుకు వాళ్లది. కప్పలకు తిండి పెట్టేటప్పుడు ముందుగా గప్పీలకు ఒక మూల చిటికెడు చల్లి, అవి అటు పోగానే చిన్న పట్టకారుతో పురుగును కప్ప మూతి ముందు పట్టుకునేది. ఆ ఏర్పాటు చక్కగా కుదిరింది. చేతులు కట్టుకుని నిలబడి చూసుకుంటే, ఈ ఇంట్లో ఒక్కచోటైనా ఎవరి జోలికి ఎవరూ పోకుండా బతుకుతున్నారని ఆమెకు సంతోషమేసింది.

శంకరవ్వ కళ్లద్దాలు పెట్టుకుని తొట్టిలోకి వంగి చూసింది.

"గివా? గివి మోరీల శాపలు గాదు? దోమల కోసం మున్సిపాలిటోళ్లు మోరీలల్ల ఇడిసిపెట్టిండ్రు. మంచిర్యాల దాక పోయి మోరీ శాపలు తెచ్చినవా?"

మురికికాలవ చేపల వార్త కూడా వీధి వీధికీ చేరింది. అయినా ఆ తర్వాత చాయ్ తాగేటప్పుడు శంకరవ్వ కుర్చీ తొట్టి పక్కకు జరిగింది.

ఇట్లా ఎండాకాలం గడిచి మృగశిర కార్తె, వాళ్ల నోట మిరుగం, వచ్చింది. మిరుగం నాడు చేప తినని ఇల్లు ఆ ప్రాంతంలో ఇల్లు కాదు. తినకపోతే ఏడాదంతా దగ్గు, ఆయాసం అని అందరి నమ్మకం. పొద్దున్నే ఇంగువ, బెల్లం కలిపిన ఉండ మింగాలి, మధ్యాహ్నం చేప పులుసు తినాలి. ఆ రోజు బజార్లో చేపల కన్నా జనమే ఎక్కువ ఉంటారు. శంకరవ్వ ఇంటికి మాత్రం ఏటా పోశమే చేప తెస్తాడు. తెచ్చింది ఒక చేప అయితే చెప్పేది మూడు చేపలంత.

ఈసారి బతికున్న కొర్రమట్టనే బకెట్లో పట్టుకొచ్చాడు. మోచేతి పొడవు, నల్లటి వీపు, పాముతల లాంటి తల. అప్పటికి మమత ఇంట్లో లేదు. ఇంగువ, కొత్తిమీర తెమ్మని అత్త బజారుకు పంపింది. ఆ జనంలో పావుకిలో సామానుకు పూట పట్టింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ముందుగదిలో అయిదారుగురు మూగి ఉన్నారు. తొట్టి ముందు పోశం నిలబడి, చేతులు తిప్పుతూ ఆ చేపను పట్టిన కథ చెబుతున్నాడు.

"గీనికి ఎర పురుగులు నడువయి. కప్పపిల్లను గాలానికి గుచ్చి నీళ్ల మీద అట్ల ఎగిరించాలె. గంతే! ఎక్కడున్నా ఉరికొచ్చి పట్టుకుంటది. కొర్రమట్టకు కప్ప అంటె పానం."

అంత బ్రహ్మాండంగా చెబుతున్న ఆ పెద్దమనిషి వీపు వెనక, కప్పల తొట్టిలో, కొర్రమట్ట ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండిపోయి, తిరగడానికి చోటు లేక, మొప్పలు కొట్టుకుంటూ ఉంది.

మమత చేతిలోని సంచి కింద పడింది. జనాన్ని తోసుకుని తొట్టి దగ్గరికి పోయింది. గప్పీలు పైన ఒక మూల ముద్దలా అంటుకుపోయి ఉన్నాయి. ఒక కప్ప నీళ్లు శుభ్రం చేసే గొట్టం వెనక ఇరుక్కుని ఉంది. రెండోది లేదు. రాయి కింద చూసింది, ఆకుల మధ్య చూసింది. లేదు.

"దీంట్ల ఎవరేసిండ్రు?"

"నేనే" అన్నాడు వెంకటేశ్. గొంతు అప్పటికే సగం అయింది. "మామ రెండ్రోజుల సంది ఉపాసం ఉంచి తెచ్చిండు, బురద వాసన పోవాలని. మంచినీళ్లల్ల జరసేపుంటె ఇంక మంచిగైతదని... గివి ఫిల్టర్ నీళ్లు గద."

"చిన్నప్పుడు మామతోని పోయి కప్పను గాలానికి గుచ్చింది నువ్వు గాదా? నువ్వే చెప్పినవ్ గద నాకు?"

"గవి మన కప్పలు. గివి ఫారిన్ కప్పలు గదా, తింటదనుకోలే" అన్నాడు వెంకటేశ్.

ఆ మాట ఎవరైనా కాగితం మీద రాసిస్తే మమత నమ్మేది కాదు. మనిషి బుర్రకు ఇంత ఖాళీ ఎట్లా సాధ్యమని ఆమెకు ఒక్క క్షణం ఏడుపు కూడా ఆగిపోయింది. రెండు రోజుల ఆకలితో ఉన్న కొర్రమట్ట కప్పను చూసి, ఏ దేశం నుంచి వచ్చావని అడిగి ఉంటుందనుకున్నాడు కాబోలు.

"మామా, మీరు మాటిచ్చిండ్రు" అంది పోశం వైపు తిరిగి.

పోశం ఆమె కళ్లలో నీళ్లు చూశాడు. చూసి కూడా, చుట్టూ నిలబడ్డ వాళ్లను నవ్వించే అవకాశం వదులుకోలేకపోయాడు.

"కప్పకు గింత పరేషానా బిడ్డా! ఎటు పోయింది? శాప కడుపులకు పోయింది. శాప మన కడుపులకు పోతది. ఇంట్లనే ఉన్నది గద!"

గదంతా గొల్లున నవ్వింది. వెంకటేశ్ కూడా నవ్వాడు, మామ చెప్పాక నవ్వకపోతే బాగుండదని. శంకరవ్వ నవ్వలేదు. వంటింట్లోకి పోయి చింతపండు నానబెట్టింది.

మమతకు అరికాలి మంట నెత్తికెక్కింది. కప్ప పోయిన బాధ ఒకటి, ఆ నవ్వు ఇంకొకటి. ఉద్యోగం, ఊరు, తన గది అన్నీ వదిలేసి ఒక్క మాట పుచ్చుకుంది వీళ్ల దగ్గర. ఆ ఒక్క మాటకు వీళ్ల లెక్కలో ఉన్న విలువ ఇది. కళ్లు తుడుచుకుంది. తువ్వాలుతో కొర్రమట్టను పట్టి తొట్టిలోంచి ఎత్తింది.

"నేనే కోస్త" అంది.

పోశం మీసం దువ్వుకున్నాడు. "సూసినవా అక్కా? జర గట్టిగుంటె కోడలు దారికొచ్చింది."

పెరట్లో కుళాయి దగ్గర కత్తిపీట వేసుకుని కూర్చుంది మమత. చేపకు బూడిద రుద్ది జిగురు తీసింది. ల్యాబు చేతులు కదా, పని తిన్నగా సాగింది. పొట్ట చీల్చగానే కప్ప చెక్కు చెదరకుండా బయటపడింది, కాళ్లు ముడుచుకుని, నిద్రపోయినట్టే. దాన్ని నీళ్లతో కడిగింది. అప్పుడు మాత్రం ఏడ్చింది. కుళాయి తిప్పి, చప్పుడు వినపడకుండా ఏడ్చింది. ఏడ్చాక మందారాకులో చుట్టి, కరివేపాకు చెట్టు మొదట్లో గుంట తీసి పెట్టి, మన్ను కప్పింది. చేపను మళ్లీ మళ్లీ కడిగి ముక్కలు కోసి, గిన్నెలో వేసుకుని లోపలికి పోయింది. అత్త చెప్పినట్టే మెంతిపొడి వేసింది, ఉప్పు చూసింది. ఎసరు మరిగి పులుసు వాసన వీధిలోకి పోయింది.

భోజనాల దగ్గర పోశం నడిమధ్య కూర్చున్నాడు. ఒక పక్క వెంకటేశ్, ఇంకో పక్క శంకరవ్వ. మమత వడ్డించింది. పోశానికి పెద్దరికం కొద్దీ పొట్ట ముక్కలు, చిక్కటి పులుసు. ఆయన ముద్ద మీద ముద్ద లాగిస్తూ మెచ్చుకున్నాడు.

"జబర్దస్త్ చేసినవ్ బిడ్డా! గీ పొట్ట కాడ ఎంత మెత్తగున్నదో."

"మెత్తగనే ఉంటది మామా. గది కప్ప" అంది మమత.

పోశం ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. "ఏం కప్ప?"

"మీరే అన్నరు గద, ఇంట్లనే ఉన్నదని. నేను కోసి బయట పారేస్తె పెద్దల మాట ఏంగావాలె? పొట్ట కడుగకుంట అట్లనే పులుసుల ఏసిన. మంచిగ ఉడికినట్టుంది."

వెంకటేశ్ తన కంచంలోకి వంగి, ఒక ముక్కను వేలితో తిప్పి చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పోశం నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అక్క వైపు చూశాడు.

"అక్కా, అబద్ధం గద? నువ్వు వంటింట్లనే ఉంటివి గద?"

శంకరవ్వ నిదానంగా ముల్లు తీసి కంచం అంచున పెట్టింది.

"ఏమో తమ్మీ. పెరట్ల కూసోని కోసింది గామె. నేను పొయ్యి కాడ ఉంటి. నాకేం ఎరుక?"

పోశం మొహం పాలిపోయింది. ఆయన లేచిన వేగానికి కంచం బోర్లా పడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెరట్లోకి ఉరికాడు. ఆయన వెనకే వెంకటేశ్. మామ ఏం చేస్తే అదే చెయ్యడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. కుళాయి దగ్గర ఇద్దరూ పోటీపడి కక్కుకుంటున్న చప్పుడు ముందుగది దాకా వినిపించింది.

శంకరవ్వ మాత్రం ఇంకో ముద్ద కలుపుకుంది.

"మీరు తినుకుంటనే ఉన్నరేంది అత్తమ్మా?" అంది మమత.

"వంటింటి కిటికి పెరట్లకే ఉంటది గద" అంది శంకరవ్వ తలెత్తకుండా. "కప్పకు గుంట తీస్తివి, మన్ను కప్పితివి. ఎంతసేపు ఏడ్చినవే! కూసో, నువ్వు సుత తిను. మిరుగం నాడు ఉత్త కడుపుతోని ఉండద్దు. ఇంకో దాన్ని తేవాలంటె ఎల్లుండి కరీంనగర్ పోదాం, నేనొస్త. గా మిగిలింది ఒక్కతే ఉంటె బెంగటిల్లుతది."

మమత కూర్చుంది. ఆ ఇంట్లో అందరికీ పెట్టుకున్న పేర్లలో ఒకటి ఆ క్షణాన కొట్టేసింది. అన్నంలో పులుసు పోసి కలుపుకుంది.

పోశం గుమ్మం పట్టుకుని లోపలికొచ్చాడు. మీసం తడిసి కిందికి వేలాడుతోంది. చూసేందుకు జనం కూడా ఎవరూ లేరు.

"అక్కా, నీ కాల్మొక్కుత. నిజం జెప్పు. తిన్ననా, తినలేదా?"

శంకరవ్వ తమ్ముడిని కింది నుంచి పై దాకా చూసింది.

"నలుగుర్ల మాటిచ్చినోడివి నువ్వు. నిజం నన్నడుగుతవేంది?" అంది. తర్వాత కోడలి కంచంలో ఇంకో ముక్క వేసింది.